ఒకడి తప్పుకు ఊరంతటికీ శిక్షా?

(ఆగస్టు 6న అచ్యుతాపురంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 6 అంటే మనకు చుండూరు. 1991లో ఈ రోజునే గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. 1945లో ఇదే రోజున, పొద్దున్న ఎనిమిదింపావుకి, జపాన్‌లోని హిరోషిమా పట్నం మీద అమెరికా అణుబాంబు వేసింది. మూడు రోజులకి నాగసాకి మీద ఇంకొకటి వేసింది. ఆ ఏడాది ఆఖరుకి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చచ్చిపోయారు.

"ఈ రెండూ ఒక సభలో ఎందుకు మాస్టారూ? ఆ దేశం గొడవ మనకేటి?" అని మన కుర్రోళ్లే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఎనిమిదినీ లక్షా నలభై వేలనీ మేం ఒకే తక్కెట్లో వెయ్యడం లేదు. చంపినవాళ్లు చెప్పుకున్న న్యాయాన్ని మాత్రం పక్కపక్కన పెట్టి చూడమంటున్నాం.

చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలిందన్న దగ్గర. అది తప్పే అనుకుందాం. తప్పు ఒకడిది. శిక్ష మాత్రం వాడంతటికీ. ముందు సాంఘిక బహిష్కరణ, తర్వాత గొడ్డళ్లు. కులం చేసే న్యాయం ఇదే. నువ్వేం చేశావని అడగదు, ఎక్కడ పుట్టావని అడుగుతుంది. అణుబాంబు చేసే న్యాయం కూడా ఇదే. అందుకే ఇది మన ప్రశ్న.

"జపానోడు మాత్రం తక్కువోడా?" అంటారు. కాదు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. అంతకు ముందు రంగూన్ మీద వేస్తే, పొట్ట చేతబట్టుకుని బర్మా వెళ్లిన మన ఉత్తరాంధ్ర కూలీలు అడవులమ్మట కాలినడకన తిరిగొచ్చారు. దారిలో ఎందరో రాలిపోయారు. 1937లో చైనాలో, నాంకింగ్‌లో జపాన్ సైన్యం చేసిన ఘోరం ఇంకా పెద్దది. కోపం రావడానికి మనకూ కారణాలున్నాయి.

అయితే ఆ పొద్దున్న హిరోషిమా వీధుల్లో ఉన్నదెవరు? యుద్ధం నడిపిన దొరలు టోక్యోలో ఉన్నారు. వీధుల్లో ఉన్నది హైస్కూలు ఈడు పిల్లలు. వైమానిక దాడిలో మంటలు పాకకుండా ఇళ్లు పడగొట్టే పనికి వాళ్లని బడుల నుంచి తోలుకొచ్చారు. వేలమంది పిల్లలు పనిలోనే కాలిపోయారు. హాజరు పట్టీ పట్టుకుని పిల్లల పేర్లు పిలిచేవాళ్లం మేం. ఆ పట్టీలో పలికే గొంతు ఒక్కటీ మిగలకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొరియా నుంచి వెట్టికి పట్టుకొచ్చిన కూలీలు కూడా వేలల్లో చచ్చిపోయారు.

ఇంకో సంగతి మనం తప్పక తెలుసుకోవాలి. జపాన్‌లోనూ అంటరానివాళ్లున్నారు. బురాకుమిన్ అంటారు. చచ్చిన గొడ్డును మోసి, తోలు ఊనిన కులాలు. 1871లో చట్టం వాళ్లని సమానులంది, సంఘం మాత్రం అనలేదు. హిరోషిమాలో ఫుకుషిమా చో వాళ్ల వాడ. నాగసాకిలో బాంబు పేలిన ఉరకమి ప్రాంతంలోనూ వాళ్ల వాడ ఉండేది. చక్రవర్తి చేసిన యుద్ధానికి చక్రవర్తి గుమ్మం తొక్కలేని వాళ్లు కూడా బూడిదయ్యారు. బతికి బయటపడ్డ వాళ్లకు, వాళ్ల పిల్లలకు పెళ్లి సంబంధాలు కుదరలేదు. బాంబు కొత్తగా ఇంకో అంటరానితనాన్ని పుట్టించింది.

రెండో వాదన: "బాంబు వెయ్యకపోతే యుద్ధం సాగి ఇంకా లక్షలమంది చచ్చేవారు." యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వమే వేసిన సర్వే బృందం 1946లో ఏమని తేల్చింది? అణుబాంబు వెయ్యకపోయినా 1945 డిసెంబరు 31 లోగా జపాన్ లొంగిపోయి ఉండేదని. ఈ లెక్క మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. సరే, వాళ్ల లెక్కే నిజమనుకుందాం. సైనికుల్ని కాపాడుకోడానికి పసిపిల్లల్ని కాల్చొచ్చా? ఊరు చల్లబడాలంటే వాడ కాలాలి అన్నవాణ్ణి మనం ఏనాడన్నా క్షమించామా?

మూడో వాదన మన గుమ్మంలోనే ఉంది. మన అచ్యుతాపురం పక్కన భాభా అణు పరిశోధన కేంద్రానికి భూములిచ్చారు. రాంబిల్లి తీరాన నౌకాదళ స్థావరానికి పనులు మొదలయ్యాయి. అణు క్షిపణులు మోసే జలాంతర్గామి అరిహంత్‌ని 2009 జులై 26న విశాఖలోనే నీళ్లలోకి దింపారు. రెండోది అరిఘాత్‌ని 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేర్చారు. "ఇదంతా వాడటానికి కాదు, బెదిరింపుకే. మనం ముందు వెయ్యం" అంటారు. 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన విధానంలో ఆ మాట ఉంది. ముందు వెయ్యమన్న మాట మంచిదే, దాన్ని నిలబెట్టుకోవాలి. కానీ దాని పక్కనే, మన మీద వేస్తే తిరిగి భారీగా వేస్తామన్న మాటా ఉంది. బెదిరింపు పని చెయ్యాలంటే వెయ్యడానికి సిద్ధంగా ఉండాలి కదా. అలా వేసిన బాంబు మన చచ్చినవాళ్లని లేపదు. కరాచీ, లాహోరు వీధులూడ్చేవాళ్లు చస్తారు. వాళ్లలో చాలామంది అంటరాని కులాల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లే. మీట నొక్కమన్నవాడు నేలమాళిగలో ఉంటాడు.

పేలుడంటే ఏంటో మన ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లో మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్లని అనకాపల్లికీ విశాఖకీ తరలించారు. ఆ రోజు తీసుకెళ్లడానికి ఆస్పత్రులన్నా ఉన్నాయి. హిరోషిమాలో డాక్టర్లూ నర్సులూ నూటికి తొంభై మంది చచ్చో, గాయపడో పడిపోయారు. ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్తాం?

1974లో రాజస్థాన్‌లోని పోఖ్రాన్ దగ్గర మొదటి అణుపరీక్ష చేసి దానికి నవ్వే బుద్ధుడని పేరు పెట్టారు. 1998 మే 11న, బుద్ధ పూర్ణిమ నాడు, మళ్లీ పేల్చారు. అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీద కూర్చున్న బుద్ధుణ్ణి చూసి పెరిగినవాళ్లం, బాబాసాహెబ్ చెయ్యి పట్టుకుని ఆ బుద్ధుడి దగ్గరికి నడిచినవాళ్లం ఈ పేరు ఎలా ఒప్పుకుంటాం?

'బుద్ధుడు - ఆయన ధమ్మం' పుస్తకంలో బాబాసాహెబ్ ఏం రాశారు? రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకీ కోలియులకీ తగాదా వచ్చింది. సంఘం యుద్ధానికి సిద్ధమైంది. సిద్ధార్థుడు కాదన్నాడు. మనవాళ్లిద్దరు, వాళ్లవాళ్లిద్దరు కూర్చుని అయిదో మనిషిని ఎన్నుకుని తగువు తీర్చుకుందామన్నాడు. అప్పుడు సేనాపతి ఏమని బెదిరించాడు? నీ కుటుంబాన్ని బహిష్కరిస్తాం, భూములు లాక్కుంటాం అని. ఈ మాటలు మన చెవులకి కొత్తా? సిద్ధార్థుడు ఇల్లు విడిచాడు గానీ యుద్ధానికి చెయ్యెత్తలేదు.

1996లో అంతర్జాతీయ న్యాయస్థానం అణ్వస్త్రాల వాడకం సాధారణంగా యుద్ధ ధర్మానికే విరుద్ధమంది. కానీ దేశం మనుగడే పోయే పరిస్థితిలోనైతే ఏమీ తేల్చలేమని ఒక కిటికీ తెరిచి ఉంచింది. మనం ఆ కిటికీ మూసెయ్యాలంటున్నాం. దెబ్బ కాచుకునే హక్కు మనకుంది. కారంచేడు తర్వాత మనం నేర్చుకున్నది అదే. కొట్టడానికొచ్చిన చెయ్యి పట్టుకుంటాం. కొట్టినవాడి ఇంట్లో ఉయ్యాలకి నిప్పు పెట్టం. అణుబాంబుకి ఆ తేడా తెలీదు. కాబట్టి ఏ యుద్ధంలోనైనా, ఎవరు వేసినా, ముందు వేసినా తర్వాత వేసినా, అది న్యాయం కాదు.

ఈ సభలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, అణ్వస్త్రాల్ని నిషేధిస్తూ 2017లో ఐక్యరాజ్యసమితిలో కుదిరిన ఒప్పందంపై మన దేశం సంతకం చెయ్యాలి. ఆ చర్చలకి మన ప్రభుత్వం దూరంగా ఉండిపోయింది. రెండు, ఏటా ఆగస్టు 6న ప్రతి వాడలో చుండూరు అమరుల పటం పక్కన హిరోషిమా పిల్లల కోసం కూడా ఒక దీపం పెట్టాలి. ఎందుకు పెట్టామని గుంటలు అడుగుతారు. కూర్చోబెట్టి చెప్పండి.

జై భీమ్!