మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య



మీరు బంధువుల ఇంటికి వెళ్ళారనుకోండి. ఉక్కపోతగా ఉంది, ఫ్యాన్ వేయాలి. గోడమీద బోర్డులో వరుసగా ఆరు స్విచ్‌లు ఉన్నాయి. మొదటిది నొక్కితే ట్యూబ్‌లైటు వెలిగింది. రెండోది నొక్కితే ఏమీ కాలేదు. మూడోది నొక్కితే వరండాలో బల్బు వెలిగింది. ఇంతలో ఇంటివాళ్ళు నవ్వుతూ వచ్చి "అది కాదు, చివరినుంచి రెండోది" అన్నారు.

మీరు విద్యుత్తు పాఠం చదివినవారే, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారే. మరి ఎందుకు తడబడ్డారు? మీకు తెలివి లేక కాదు. ఆ బోర్డులో స్విచ్‌ల వరుసకూ, గదిలో దీపాలు, ఫ్యాన్లు ఉన్న చోట్లకూ పొంతన లేదు. "ఆడలేక మద్దెల ఓడు" అని మన సామెత. ఆట రానివాళ్ళు మద్దెలను తప్పుపడతారని దాని అర్థం. ఈ రోజు మనం మాట్లాడుకోబోయే శాస్త్రం మాత్రం ముందుగా మద్దెలనే పరీక్షించమంటుంది. మనిషి తడబడితే వస్తువు అమరికలో లోపమేమిటో వెతకమంటుంది.

యంత్రం ఒకవైపు, మనిషి ఒకవైపు ఉంటే, మనిషి చెప్పేది యంత్రానికీ, యంత్రం చెప్పేది మనిషికీ చేరవేసే భాగాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. ఫ్యానుకు స్విచ్ బోర్డు, సైకిల్‌కు హ్యాండిల్, కంప్యూటర్‌కు తెర, కీబోర్డు, మౌస్ ఇంటర్‌ఫేస్‌లే. మనుషులు కంప్యూటర్లను ఎలా వాడుతున్నారు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు, ఆ ఇబ్బందిని ఎలా తీర్చాలి అని పరిశోధించే శాస్త్రానికి హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అని పేరు. ఇందులో కంప్యూటర్ శాస్త్రంతోపాటు మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, రూపకల్పన కూడా కలిసి ఉంటాయి.

తెర మీదికి బల్ల ఎలా వచ్చింది?

తొలితరం కంప్యూటర్లతో పనిచేయడం నిపుణులకే సాధ్యమయ్యేది. అట్టముక్కలకు రంధ్రాలు చేసి, వాటిని యంత్రానికి అందించి, ఫలితం కోసం గంటలకొద్దీ ఎదురుచూసేవారు. 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే శాస్త్రవేత్త ఒక ప్రదర్శన ఇచ్చారు. చేతిలో చిన్న చెక్కపెట్టె లాంటి మౌస్‌ను కదుపుతూ, తెరమీది అక్షరాలను అప్పటికప్పుడు మార్చి చూపించారు. 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ అనే కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులో తెర ఒక ఆఫీసు బల్లలా కనిపించేది. దానిమీద కాగితాలు, ఫైళ్ళు, ఫోల్డర్లు బొమ్మల రూపంలో ఉండేవి. తెలిసిన వస్తువు బొమ్మ చూపిస్తే తెలియని పని సులువవుతుందన్నది అందులోని ఆలోచన.

మంచి ఆలోచనే. అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. తెలిసిన వస్తువు అంటే ఎవరికి తెలిసినది? ఆ బల్ల, ఆ ఫైళ్ళు అమెరికా ఆఫీసు ఉద్యోగికి తెలిసినవి. జీవితంలో ఆఫీసు గుమ్మం తొక్కనివారి మాటేమిటి? ఈ ప్రశ్నకు ఒక జవాబు మన దేశ రాజధానిలోనే దొరికింది.

కాల్‌కాజీ గోడ

దక్షిణ ఢిల్లీలోని కాల్‌కాజీలో ఎన్.ఐ.ఐ.టి. సంస్థ కార్యాలయం ఉండేది. దాని ప్రహరీకి అవతలివైపు పేదల బస్తీ. 1999 జనవరి 26న ఆ సంస్థలో పరిశోధకుడైన సుగత మిత్ర, ఆయన సహచరులు ఆ గోడకు రంధ్రం చేసి, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌ను బస్తీవైపు తిరిగేలా అమర్చారు. నేర్పడానికి ఎవరినీ పెట్టలేదు. ఏం జరుగుతుందో దూరంనుంచి గమనించారు.

పిల్లలు మూగారు. బడికి సరిగా వెళ్ళనివారు, ఇంగ్లీషు రానివారు అందులో ఎందరో. అయినా కొద్ది గంటల్లోనే తెరమీది బాణాన్ని కదపడం, నొక్కడం పట్టుకున్నారు. ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పుకున్నారు. బాణం గుర్తును వారు 'సూయీ' అన్నారు. అంటే హిందీలో సూది. కంప్యూటర్ పనిలో ఉన్నప్పుడు కనిపించే ఇసుక గడియారం బొమ్మను 'డమరు' అన్నారు. ఇసుక గడియారాన్ని వారు ఎన్నడూ చూడలేదు. శివుడి చేతిలోని డమరుకాన్ని చూశారు. బొమ్మ గీసినవారు ఉద్దేశించిన వస్తువు వేరు, పిల్లలకు కనిపించిన వస్తువు వేరు. అయినా "ఈ గుర్తు కనిపిస్తే ఆగాలి" అనే సంగతి మాత్రం వారికి అర్థమైంది.

ఈ ప్రయోగం ప్రపంచమంతా పేరు పొందింది. తాను రాసిన 'క్యూ అండ్ ఏ' నవలకు ఇదీ ఒక ప్రేరణ అని రచయిత వికాస్ స్వరూప్ చెప్పారు. 2008లో వచ్చిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమాకు ఆ నవలే ఆధారం. 2013లో సుగత మిత్రకు టెడ్ బహుమతి లభించింది.

కానీ శాస్త్రంలో చప్పట్లతో పని పూర్తికాదు. 2000లో ఢిల్లీ ప్రభుత్వ సహకారంతో మరో పేదల కాలనీలో ఇలాంటి కంప్యూటర్ కేంద్రం ఏర్పాటైంది. దాన్ని పరిశీలించిన అమెరికా పరిశోధకుడు మార్క్ వార్షావర్ 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. ఇంటర్నెట్ చాలాసార్లు పనిచేయలేదనీ, పిల్లలకు తెలిసిన ఏకైక భాష హిందీలో అక్కడ ఏమీ లేదనీ, వారు ఎక్కువసేపు బొమ్మలు గీయడంలో, ఆటల్లో గడిపారనీ రాశారు.

ఈ రెండింటినీ కలిపి చదవండి. పేదపిల్లలకు కంప్యూటర్ అర్థం కాదన్న అపోహ మొదటి ప్రయోగంతో పోయింది. కంప్యూటర్ అక్కడ పెడితే చాలన్న ఆశ రెండో పరిశీలనతో పోయింది. బాణాన్ని కదపడం వచ్చినంత మాత్రాన జ్ఞానం చేతికి అందదు. దానికి తన భాష కావాలి, తనకు పనికొచ్చే విషయం కావాలి.

తెలివైన ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటి?

మనిషి యంత్రాన్ని నేర్చుకునే బదులు యంత్రమే మనిషిని గమనించి, అతనికి ఏం కావాలో ఊహించి సాయపడితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన నుంచి పుట్టిందే ఇంటెలిజెంట్ యూజర్ ఇంటర్‌ఫేస్, అంటే తెలివైన ఇంటర్‌ఫేస్. మీరు రెండు అక్షరాలు కొట్టగానే ఫోన్ మొత్తం మాటను చూపిస్తుంది కదా, అది ఇలాంటిదే.

ఇందులో ఒక చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో కాగితాలకు పెట్టే క్లిప్పు ఆకారంలో ఒక సహాయకుడి బొమ్మ వచ్చింది. మీరు ఉత్తరం రాయడం మొదలుపెట్టగానే అది ప్రత్యక్షమై "ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం కావాలా?" అన్న ధోరణిలో అడిగేది. వద్దన్నా మళ్ళీ వచ్చేది. దాని వెనుక గట్టి పరిశోధనే ఉంది. వాడేవారి అవసరాన్ని సంభావ్యత లెక్కలతో అంచనా వేసే పద్ధతిని ఎరిక్ హార్విట్జ్ బృందం రూపొందించింది. కానీ మార్కెట్లోకి వచ్చిన బొమ్మలో ఆ లెక్కలన్నీ చేరలేదు. జనం విసుక్కున్నారు. ఆఫీస్ 2007 నాటికి దాన్ని పూర్తిగా తీసేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1997లో, ఈ రంగంలో ఒక ప్రసిద్ధ చర్చ జరిగింది. మనిషి తరఫున పనులు చేసిపెట్టే తెలివైన సహాయకులు కావాలని ప్యాటీ మేస్ వాదించారు. అదుపు ఎప్పుడూ మనిషి చేతిలోనే ఉండాలి, ఏం జరుగుతోందో అతనికి స్పష్టంగా కనిపించాలి అని బెన్ ష్నీడర్‌మన్ వాదించారు. కృత్రిమ మేధ వచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ చర్చ ముగియలేదు. ఒక్కమాట మాత్రం మనం గుర్తుంచుకోవచ్చు. ఎప్పుడు మాట్లాడాలో తెలియడం ఎంత తెలివో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం కూడా అంతే తెలివి.

చేతికి మాత్రమే వినిపించే కర్ర

ఊరుకోవడంలోని తెలివికి మంచి ఉదాహరణ ఐ.ఐ.టి. ఢిల్లీలో తయారైంది. చూపులేనివారు వాడే తెల్లకర్ర నేలమీది గోతులను, మెట్లను చెబుతుంది. కానీ మోకాలికి పైన ఉన్న అడ్డంకులను చెప్పలేదు. ఢిల్లీ ఫుట్‌పాత్ మీద నడిచి చూడండి. వంగిన చెట్టుకొమ్మ, లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుపచువ్వలు, కిందికి వేలాడే బోర్డు. కర్ర వాటి కిందనుంచి దూరిపోతుంది, తగిలేది ముఖానికి.

కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడు ఎం. బాలకృష్ణన్, ఆయన విద్యార్థులు ఈ సమస్యను చేపట్టారు. గబ్బిలం ఎగిరే సూత్రమే ఇక్కడా. మన చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను పంపి, అవి తగిలి తిరిగొచ్చే సమయాన్నిబట్టి అడ్డంకి దూరాన్ని లెక్కకట్టే పరికరాన్ని తెల్లకర్ర పిడికి తగిలించారు. సుమారు 3 మీటర్ల దూరంలోని అడ్డంకిని అది పసిగడుతుంది. ఇక ఆ సంగతి మనిషికి ఎలా చెప్పాలి?

మనకు వెంటనే తోచేది బీప్ శబ్దం. కానీ చూపులేనివారికి రోడ్డు మీద దారి చూపేది చెవే. బస్సు ఎటునుంచి వస్తోంది, మనుషులు ఎటు నడుస్తున్నారు అనేవన్నీ వారు వినే తెలుసుకుంటారు. ఆ చెవి దగ్గరే మరో మోత పెడితే సాయం కాస్తా అపాయమవుతుంది. అందుకే పిడి కంపించేలా చేశారు. అడ్డంకి దగ్గరయ్యేకొద్దీ కంపనం తీరు మారుతుంది. ఈ విషయం ప్రయోగశాలలో కూర్చుంటే తెలియదు. చూపులేనివారితో కలిసి నడిచి, వారు చెప్పింది విని, మళ్ళీమళ్ళీ మార్చారు. విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ పని, ఢిల్లీలోని సక్షమ్ సంస్థ, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ తోడ్పాటుతో 2014లో స్మార్ట్‌కేన్ అనే పేరుతో సుమారు 3000 రూపాయల ధరకు బయటికి వచ్చింది.

అక్షరం రానివారికి మాటే దారి

తెర చూడలేనివారి సంగతి విన్నారు. తెరమీది అక్షరాలు చదవలేనివారి సంగతి ఏమిటి? ఇక్కడ మనం తెలుగువాడైన ఒక శాస్త్రవేత్తను తలచుకోవాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డిగా తెలుసు. 1960ల నుంచే ఆయన కంప్యూటర్‌కు మనిషి మాటను అర్థం చేయించే పరిశోధనలో దిగారు. మాటకూ మాటకూ మధ్య ఆగకుండా సహజంగా మాట్లాడినా గుర్తించే తొలి వ్యవస్థలు ఆయన బృందం నుంచి వచ్చాయి. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. చదువురానివారికి కంప్యూటర్ ఉపయోగపడాలంటే మాట, బొమ్మ ముఖ్యమని ఆయన చెబుతూ వచ్చారు.

మాటతో పనిచేయడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదని చూపించినవారూ ఢిల్లీలో ఉన్నారు. ఐ.ఐ.టి. ఢిల్లీ ఆచార్యుడు ఆదితేశ్వర్ సేథ్, ఆయన మిత్రులు 2009లో గ్రామ్ వాణి సంస్థను స్థాపించారు. దాని మొబైల్ వాణి సేవ 2012లో జార్ఖండ్‌లో మొదలైంది. మామూలు ఫోన్‌నుంచి ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, అవతలి కంప్యూటరే తిరిగి ఫోన్ చేస్తుంది. ఖర్చు లేదు. ఒకటి నొక్కి వినవచ్చు, మరొకటి నొక్కి తమ ఊరి సమస్యను తమ గొంతుతో రికార్డు చేయవచ్చు. గమనించండి, మిస్డ్ కాల్‌ను ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు. పైసలు మిగుల్చుకోవడానికి మన జనం కనిపెట్టారు. జనం అలవాటును గమనించి దాన్నే ఇంటర్‌ఫేస్‌గా మలచుకోవడం ఇక్కడి పరిశోధకుల తెలివి.

2023లో ఢిల్లీకి రెండు గంటల ప్రయాణ దూరంలోని బివాన్ గ్రామంలో జుగల్‌బందీ అనే సహాయకుడిని పరీక్షించారు. వాట్సాప్‌లో తమ భాషలో అడిగితే ప్రభుత్వ పథకాల వివరాలు చెబుతుంది. కృత్రిమ మేధ ఇక్కడిదాకా వచ్చింది. వచ్చాక బాధ్యత పెరిగింది. స్విచ్ తప్పు నొక్కితే వేరే దీపం వెలుగుతుంది, అంతే. పింఛను గురించి అడిగిన అవ్వకు యంత్రం ధీమాగా తప్పు చెబితే, దాన్ని సరిచూసుకునే దారి ఆమెకు ఉందా? ఆ దారి చూపించడం కూడా ఇంటర్‌ఫేస్ పనే.

మీరు చేయవలసిన పని

ఈ పరిశోధన మొదలుపెట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు. కాగితం, పెన్సిల్ చాలు. మీ ఇంట్లో ఫోన్‌తో ఇబ్బంది పడే పెద్దవారిని, అమ్మమ్మనో తాతయ్యనో, ఒక చిన్న పని చేయమని అడగండి. పక్కన కూర్చోండి. చేయి అందుకోకండి, "అలా కాదు" అనకండి. ఎక్కడ ఆగారో, ఏ గుర్తును ఏమనుకున్నారో, ఏ మాట అర్థం కాలేదో రాసుకోండి. తరువాత ఆ తెర ఎలా ఉంటే వారికి సులువో కాగితం మీద గీసి చూపించండి. దాన్నీ వేలితో నొక్కి చూడమనండి. మళ్ళీ తడబడితే మళ్ళీ గీయండి. గమనించడం, నమూనా చేయడం, పరీక్షించడం, మార్చడం. ఈ శాస్త్రం పద్ధతి ఇదే.

"నాకు చదువు రాదు, ఇవన్నీ నాకేం తెలుస్తాయి" అనే మాట మన ఇళ్ళలో తరచు వింటుంటాం. రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు. మీరు తయారుచేసే వస్తువు ముందు నిలబడి ఎవరైనా ఆ మాట అంటే, దాన్ని వారి లోటుగా తీసుకోకండి. మీ పని ఇంకా మిగిలి ఉందని చెప్పే ఫిర్యాదుగా తీసుకోండి.

సెలవు.