అన్నము - మనస్సు



ఛాందోగ్యోపనిషత్తులో నొక కథ కలదు. ఉద్దాలకుఁడు తన కుమారుఁడగు శ్వేతకేతువును పదునైదు దినములు భుజింపక, నీరు మాత్రమే త్రాగుచుండుమనెను. పదునాఱవ దినమున వేదము నప్పగింపుమనఁగా నాతనికి నొక్క మంత్రమైనను స్ఫురింపలేదు. భుజించి వచ్చిన పిమ్మట నడిగినదెల్లఁ జెప్పెను. మనస్సు అన్నమయమని తండ్రి యిట్లు నిరూపించెను.

తిన్న యన్నము జఠరాగ్నిచేఁ బక్వమై సప్తధాతువులుగా మాఱునని మన పూర్వవైద్యులు చెప్పిరి. దేహములో జరుగు నిట్టి మార్పులనే నేఁటివారు జీవక్రియ యందురు. మెదడు దేహభారములో నూటికి 2 పాళ్లు మాత్రమే యైనను, విశ్రాంతివేళ దేహము వ్యయపఱచు శక్తిలో నించుమించుగా నైదవవంతు తానే గైకొనును. కావున జీవక్రియ చెడినచో మనస్సు కలఁతనొందుట వింత కాదు.

రేపల్లె చెంత నొక గ్రామమున నా బాల్యమిత్రుఁ డుండెను. భాగవతపద్యములు వందలకొలఁది యాతనికిఁ గంఠస్థములు. అఱువదియైదవ యేట నవి మఱపునకు వచ్చెను. కారణము లేకయే కంటఁ దడి పెట్టుచుండెను; అరికాళ్లు తిమ్మిరులెక్కుచుండెను. పొరుగువారు గాలి సోకెనని తాయెత్తు గట్టించిరి. వార్ధక్యమని నేనును సరిపెట్టుకొంటిని. ఇట్లొక యేఁడు గడచెను. తుదకుఁ గోడలు పట్టుపట్టి తెనాలికిఁ గొనిపోఁగా, వైద్యుఁడు రక్తము పరీక్షించి బి12 విటమిను మిక్కిలి తక్కువగా నున్నదనెను. నా మిత్రుఁడు శాకాహారి. పాలు, పెరుగు సైతము తగ్గించినవాఁడు. చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వాడినవాఁడు. ఈ మూఁడును, వయస్సును గూడ నా లోపమునకుఁ దోడ్పడునవే. సూదిమందులతోఁ గొన్ని నెలలకు మనస్సు తేఱెను, పద్యములు మరలెను. తిమ్మిరి మాత్రము పూర్తిగా విడువలేదు. మా యాలస్యఫల మది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును గృత్రిమముగా సిద్ధపఱచెను. బి12 లోపమువలనఁ గలుగు రక్తక్షీణత దానిచేఁ దగ్గినను, నాడుల నష్ట మాగదని పిమ్మటఁ దేలెను. బి12 విటమిను 1948లో వేఱుపఱుపఁబడెను. ఆ యేఁటనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. కావున రక్తము పుష్టిగా నున్నదని మాత్రమే నిశ్చింత పనికిరాదు.

గొంతునందలి థైరాయిడ్ గ్రంథి మందగించినను దిగులు, మఱపు గలుగును. రక్తములోఁ జక్కెర మిక్కిలి పడిపోయినను మతి తప్పును. అట్లని సర్వమనోవ్యాధులు నిట్టివే యనరాదు. పరీక్షలో లోపము గానరానిచో మానసికవైద్యునిఁ జూడుఁడు. అందు సిగ్గుపడవలసినది లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పెద్దలారా! మీ యింట నెవరేని మాటలు మఱచుచు, దిగులుపడుచున్నచో ముసలితన మని త్రోసివేయకుఁడు. ముందు వైద్యునికిఁ జూపుఁడు. నేను నా మిత్రునియెడఁ జేసిన తప్పు మీరు చేయకుఁడు.