పట్టా ఎవరి పేరున?

ఈ స్నాతకోత్సవంలో విద్యార్థుల చేతికి అందుతున్న కాగితాన్ని తెలుగునాట పట్టా అంటారు. భూమి ఎవరిదో తేల్చే రెవెన్యూ హక్కుపత్రానికీ అదే పేరు. తల్లో తండ్రో ఒక్కరే పిల్లల్ని పెంచే కుటుంబాలకూ పేదరికానికీ ఉన్న సంబంధాన్ని ఈ రెండో పట్టా దగ్గర మొదలుపెట్టి పరిశీలించడం సమంజసం. జంట విడిపోవడమే లేమికి మూలమన్న వాదన, ఇంట్లో ఒక కూలి తగ్గిందన్న లెక్కను చూస్తుందే తప్ప, మిగిలిన మనిషి పేరున ఏ కాగితమూ లేదన్న సంగతిని చూడదు.

తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతు కుటుంబమే ఇందుకు ఉదాహరణ. కౌలు అంటే మరొకరి పొలాన్ని ఏడాదికింతని డబ్బుకో గింజలకో మాట్లాడుకొని సాగు చేయడం. ఆ ఒప్పందం చాలావరకు నోటిమాటే. భర్త పోగానే పొలం యజమానికి తిరిగి వెళుతుంది, ప్రామిసరీ నోటు మీద తెచ్చిన అప్పు మాత్రం ఆ ఇంటి గడప దగ్గరే నిలబడుతుంది. ఇలాంటి కుటుంబాలకు 2004లో 421వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు లక్ష రూపాయల సాయాన్ని, అప్పుల పరిష్కారానికి మరో 50,000ను నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొత్తాన్ని 6 లక్షలు చేసింది. 2018లో వచ్చిన రైతుబీమా 5 లక్షలు ఇస్తుంది గాని, అది పట్టాదారుకే, అంటే పాసుపుస్తకంలో పేరున్న రైతుకే, వర్తించింది. దుక్కి దున్నినవాడి భార్యకు అందులో చోటు దొరకలేదు. ఇది పొరపాటున జరిగిన విస్మరణ అనడం కష్టం.

సాయం కోరే తల్లి ప్లాస్టిక్ కవరులో మరణ ధ్రువపత్రం, ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, అప్పు నోట్ల జిరాక్సులు పెట్టుకొని మండల కార్యాలయం వరండాలో కూర్చుంటుంది. చావుకు అప్పే కారణమా, తాగుడా, ఇంటి గొడవా అని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులు విచారిస్తారు. అక్కడికి తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోయినట్టే. ఆ కూలిని పూడ్చడానికి పెద్దపిల్ల బడి మాని పత్తి ఏరడానికి పోతుంది. పేదరికం ఒక తరం నుంచి మరో తరానికి చేరే దారి ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

భర్త విడిచిపెట్టిన స్త్రీకి ఆ మరణ ధ్రువపత్రం కూడా ఉండదు. తెలంగాణ 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టి, తర్వాత 2,016కు పెంచింది. అది ఎంతో ఊరట, అయితే ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది కిరాణా ఖర్చుకే సరిపోదు. ఇక భర్త నుంచి రావలసిన భరణానికి పాత నేరశిక్షా స్మృతి 125వ సెక్షన్ 2001 సవరణ దాకా నెలకు 500 రూపాయల పరిమితి పెట్టింది.

నేటి పట్టభద్రుల్లో కొందరు రేపు తహసీల్దార్లు, బ్యాంకు అధికారులు అవుతారు; కౌలుదారు కాగితం వాళ్ల బల్ల మీదికే వస్తుంది. భూయజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011లోనే వచ్చింది. ఆ కార్డు గడువు ఒక్క ఏడాది. భర్త పేరున ఒకసారి వచ్చినా, మరుసటి ఏడు అదే పొలాన్ని ఆమె సాగు చేయాలంటే, దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి ఆమె పేరున పెట్టుకోవలసిందే.