ఎండల్లో కొండ సైకిల్ పోటీ: మా జట్టు అనుభవం, మన సంఘానికి కొన్ని మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో, యువజన క్రీడా గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి మాట్లాడమని సంఘం పెద్దలు మా సైకిల్ జట్టును పిలిచారు. మేం అయిదుగురం. దేవరకొండ వైపు తండాల నుంచి ముగ్గురం, అచ్చంపేట వైపు నుంచి ఇద్దరం. కప్పులు గెలిచి వచ్చినవాళ్ళం కాదు. కానీ ఎండాకాలంలో కొండదారుల మీద పోటీకి దిగితే ఏమవుతుందో చూసినవాళ్ళం. మా వెనుక వచ్చే పిల్లలకు అది చెప్పాలనే ఇక్కడికి వచ్చాం.

ముందు ఈ ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాం. కొండ సైకిల్ పోటీ మొదలైంది అమెరికాలోని కాలిఫోర్నియాలో, 1970ల్లో. పాత సైకిళ్ళకు లావు టైర్లు వేసుకుని కొందరు కుర్రాళ్ళు కొండ మట్టిదారుల్లో దిగేవాళ్ళు. 1990లో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది చేరింది. అప్పుడు పురుషుల్లో నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంట్యెన్స్, మహిళల్లో ఇటలీకి చెందిన పావొలా పెజ్జో బంగారు పతకాలు గెలిచారు. ఆ పోటీ జులై నెలాఖరులో జరిగింది. అట్లాంటా వేసవి ఉక్కపోతలో దాదాపు రెండు గంటలు ఎక్కుతూ దిగుతూ తొక్కారు. అంటే ఈ ఆటకు ఒలింపిక్స్‌లో మొదటి పరీక్షే వేడితో వచ్చిందన్నమాట.

ఇక మన నేల సంగతి. నల్గొండ, పాలమూరు రెండూ రాతి నేలలే. దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిల్‌కొండ, పానగల్లు... ఎటు చూసినా గుట్టలే, గుట్టల మీద కోటలే. గొర్లు, మేకలు నడిచిన బాటలు, కట్టెలకు పోయిన బాటలు మన పిల్లలకు అరచేతి గీతల్లాగా తెలుసు. మన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఆమె బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. గురుకుల బడి నుంచి వచ్చిన బిడ్డ ఆ గుట్ట మీద నేర్చుకుని అంత ఎత్తుకు పోగా లేనిది, సైకిల్ మీద మన పిల్లలు ఎందుకు పోలేరు? మా జట్టు పుట్టింది ఆ ఆలోచనతోనే.

అయితే మన గుట్టలకు చెట్టు నీడ తక్కువ. బండ పొద్దున వేడెక్కితే రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో మన నల్గొండ వాళ్ళు ఎందరో ఉన్నారు. పొలానికి పోయినవాళ్ళు, కూలికి పోయినవాళ్ళు, ముసలివాళ్ళు. కాబట్టి ఎండంటే మనకు మాట వరస కాదు.

మేం దిగిన పోటీ ఏప్రిల్ నెలాఖరులో జరిగింది. నిర్వాహకుల పేరు ఇక్కడ అవసరం లేదు. గుట్ట చుట్టూ మూడు రౌండ్లు, అన్నీ కలిపి ముప్ఫై కిలోమీటర్లు. పొద్దున ఆరు గంటలకు మొదలన్నారు. మేం నాలుగున్నరకే లేచి, అంబలి తాగి, అయిదున్నరకు గీత దగ్గర నిలబడ్డాం. జెండా ఊపాల్సిన అతిథి రాలేదు. ఆరు ఏడైంది, ఏడు ఎనిమిదైంది. జెండా ఊపేసరికి ఎనిమిది ముప్పావు. రెండున్నర గంటలకు పైగా ఎండలో నిలబడే సగం చెమట పోయింది.

మొదటి రౌండు బాగానే పోయింది. రెండో రౌండులో ఎక్కుడు దగ్గర అసలు కష్టం మొదలైంది. రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడికి గాలి తగులుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు నడక వేగమే, గాలి ఆడదు. కండరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే పెడలుకు పోతుంది, మిగిలిందంతా ఒంట్లో వేడిగా మారుతుంది. పైన సూర్యుడు, కింద బండ, లోపల మన ఒళ్ళు, మూడు పొయ్యిలన్నట్టు. దిగుడులో గాలి వస్తుంది కానీ చెమట కళ్ళల్లోకి కారుతుంది, అరచేతులు జారుతాయి, బ్రేకు మీద వేళ్ళు మొద్దుబారతాయి. పడేది ఎక్కువగా అక్కడే.

మూడో రౌండులో మా జట్టులో అందరికంటే చిన్నవాడు దారిలో వంకరలు పోవడం మొదలుపెట్టాడు. "ఎన్నో రౌండు తమ్మీ?" అని అడిగితే "మొదటిది" అన్నాడు. ఆ మాటతో మాకు అర్థమైంది. వడదెబ్బ తగిలినవాడికి చెమట ఆగిపోతుందని మనలో చాలామంది అనుకుంటారు. కష్టపడి తొక్కేవాడికి చెమట కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది మాట, నడక, తెలివి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి తెలివి తప్పుతోందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మాలో ఇద్దరు పోటీ వదిలేసి ఆగారు. వాణ్ణి చింతచెట్టు కిందికి మోసి, హెల్మెట్, చొక్కా తీసేసి, ఉన్న డబ్బాల నీళ్ళన్నీ ఒంటి మీద పోశారు. తడి తువ్వాళ్ళు మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టి అట్టముక్కలతో విసిరారు. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయలేదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108 వచ్చేలోపే వాడు పేరు, ఊరు సరిగా చెప్పాడు. ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. ఆస్పత్రికి పోయే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. మర్నాడు సాయంత్రం వాడు ఇంటికి వచ్చాడు. వాళ్ళ యాడి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు, జొన్న రొట్టెలు చేసి పెట్టింది. ఆ రొట్టె తింటుంటే గొంతు దిగలేదు మాకు.

ఆగిన ఇద్దరి పేర్ల ఎదుట ఫలితాల పట్టికలో "పూర్తి చేయలేదు" అని రాశారు. పోటీ లెక్కల్లో అది సరైనదే కావచ్చు. మా తండాల లెక్కలో ఆ రోజు గెలిచింది వాళ్ళిద్దరే.

ఆ తర్వాత మేం డాక్టర్లను, కోచ్‌లను అడిగి తెలుసుకున్నవి చెబుతాం. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. హాస్టల్లో ఫ్యాన్ కింద ఉండి సెలవులకు వచ్చిన పిల్లవాణ్ణి మర్నాడే ఎండలో దించకూడదు. మొదట కొద్దిసేపు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వేడిలో గట్టిగా తొక్కేవాడికి గంటకు లీటరు దాటి చెమట పోవచ్చు. దాంతో ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్ళే అదే పనిగా తాగినా ప్రమాదమే. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి మన పెద్దల నుంచి వచ్చినవే, వాటిని చిన్నచూపు చూడొద్దు. మరొకటి, మన నల్గొండలో చాలా బోర్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. దారిలో కనిపించిన బోరు దగ్గర సీసా నింపుకోవడం మంచిది కాదు. నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. పోటీ చోట మరుగుదొడ్డి ఉండదు. తాగితే పోవాల్సి వస్తుందని వాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళే ముట్టరు. వడదెబ్బకు అంతకంటే దగ్గరి దారి లేదు. ఇది ఆ పిల్లల తప్పు కాదు, పోటీ పెట్టేవాళ్ళు చూసుకోవాల్సిన పని.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా 2024 నుంచి వేడికి ప్రత్యేక నియమాలు పెట్టింది. ఎండ, తేమ, గాలి మూడూ కలిపి కొలిచి, ప్రమాదం పెరిగితే పోటీ వేళ మార్చడం, దూరం తగ్గించడం, రద్దు చేయడం గురించి ఆలోచిస్తారు. అంత దూరం ఎందుకు, మన ఉపాధి హామీ చట్టమే పనిచోట తాగునీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలంది. మన అమ్మలు ఎండాకాలం తెల్లవారకముందే పనికి పోయి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మట్టి తవ్వే చోట ఉండాల్సినవి పిల్లలు ఆడే చోట లేకపోతే ఎట్లా?

అందుకే ఈ సంఘానికి మా విన్నపాలు ఇవి. సంఘం పేరుతో జరిగే ఏ ఆటైనా మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరుకు మొదలై ఎనిమిదిన్నరకు ముగియాలి. అతిథి రాకపోతే తండా నాయక్ జెండా ఊపాలి. ప్రతి రౌండుకు రెండు చోట్ల నీడ, నీళ్ళు, తడి గుడ్డలు, మనిషిని ముంచేంత నీళ్ళ తొట్టి ఉండాలి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉండాలి. పడినవాడి కోసం ఆగినవాడికి ఆగిన సమయం లెక్కలోంచి తీసేయాలి. అమ్రాబాద్ పులుల అడవిలోకి అనుమతి లేకుండా ఎవరూ సైకిళ్ళు తిప్పొద్దు. ఆ అడవి చెంచు అన్నల ఇల్లు, పులి ఇల్లు. మనకు బయట గుట్టలు చాలినన్ని ఉన్నాయి.

ఇందులో పెద్ద ఖర్చు లేదు. గేర్ల సైకిల్ కొనిపెట్టమని మేం ఈ రోజు అడగడం లేదు, అది మరో సభలో అడుగుతాం. లదేణి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్ళ బిడ్డలం. దూరం మనకు కొత్త కాదు. వచ్చే తీజ్ పండుగ నాటికి ఈ నియమాలు రాసిపెట్టుకుంటే, చలికాలంలో మన మొదటి పోటీ మనమే పెట్టుకోవచ్చు. చింతచెట్టు కింద పడుకోబెట్టిన తమ్ముడు అందులో తొక్కుతానని ఇప్పటికే పేరు ఇచ్చాడు.