మొదటి అప్లికేషన్ సొంత చేత్తో

ఈ స్నాతకోత్సవ ప్రసంగం డెస్క్‌టాప్ మీదా వెబ్ మీదా నడిచే అప్లికేషన్లను మొదటిసారిగా రాయడం నేర్చుకునే పని గురించి. కంప్యూటర్ సైన్సు చదివినవారికే ఈ విద్య పట్టుబడుతుందన్న భయం ఇతర శాఖల పట్టభద్రుల్లో ఇంకా ఉంది. కానీ చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారు చెన్నైలోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగులో. ఆస్ట్రేలియాలో పైచదువు, ఉద్యోగం ముగించుకొని, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొంది, మనిషి మాటను యంత్రం పోల్చుకునేలా చేసే పరిశోధనలో దశాబ్దాలు గడిపిన ఆయన 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ సైన్సులో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. శాఖ పేరు అడ్డంకి కాదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

అసలు అడ్డంకి మరోచోట ఉంది. డెస్క్‌టాప్ అప్లికేషన్ ఒకే యంత్రంలో మొదలై, తెర మూసేదాకా తన వేరియబుళ్లను, అంటే విలువలకు పెట్టుకున్న పేర్లను, జ్ఞాపకం ఉంచుకుంటుంది. వెబ్ అప్లికేషన్ తీరు వేరు: బ్రౌజర్ ఒక అభ్యర్థన పంపుతుంది, దూరాన ఉన్న సర్వర్ జవాబిస్తుంది, అంతటితో ఆ సంభాషణ ముగిసిపోతుంది, వీటి మధ్య నడిచే హెచ్‌టీటీపీ అనే ఒప్పందంలో మునుపటి అభ్యర్థన తాలూకు జ్ఞాపకం ఉండదు. అందుకే సర్వర్ కుకీ అనే చిన్న గుర్తును బ్రౌజర్‌కు ఇచ్చి పంపుతుంది, ఆసుపత్రిలో రోగి చేతికిచ్చే ఓపీ చీటీలా అది తిరిగి వచ్చినప్పుడే వచ్చినదెవరో సర్వర్‌కు తెలుస్తుంది. నిలవ ఉండవలసిన సమాచారమంతా డేటాబేస్‌లోకి వెళ్లాలి. ఈ ఒక్క తేడా మనసుకెక్కని విద్యార్థి ఫ్రేమ్‌వర్కులు అనే సిద్ధ సాధనాలను ఎన్ని మార్చినా ప్రతిచోటా అదే గోడకు తగులుతాడు.

ఆ తేడా విలువ చెన్నై స్వయంగా చూసింది. 2015 డిసెంబరు వరదల్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం ఆధారంగా స్వచ్ఛంద కార్యకర్తలు వెబ్‌లో ఉంచిన పటం మీద, మునిగిన వీధులను ప్రజలే గుర్తించగలిగారు. ఒకరు గుర్తించినది మరుక్షణంలో మరొకరికి కనిపించడమే అక్కడ ప్రాణావసరం కాబట్టి, ఎవరి యంత్రంలో వారికే ఉండిపోయే డెస్క్‌టాప్ అప్లికేషన్ ఆ పనికి చాలదు.

ఈ వక్త బోధనా జీవితంలో అధికభాగం ప్రయోగశాలలో విద్యార్థుల కుర్చీల వెనక నిలబడి గడిచింది, ఆ అనుభవంలోంచి పుట్టిన బెంగ ఒకటుంది. తెర మీద ఎర్రర్ మెసేజ్ కనబడగానే, దాన్ని చదవకుండానే నకలు తీసి కృత్రిమ మేధ ముందు పెట్టి, అది ఇచ్చిన కోడ్‌ను అతికించి, ప్రోగ్రామ్ నడిచిందని సంతోషపడి లేచిపోయే అలవాటు ప్రబలుతోంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ట్రేస్‌బ్యాక్ అనే ఆ సందేశం శత్రువు కాదు: దాని ఆఖరి వరుస తప్పు ఏ రకమో చెబుతుంది, దానికి పైనున్న వరుసలు ఏ ఫైలులో, ఎన్నో వరుసలో జరిగిందో చెబుతాయి, కింది నుంచి పైకి చదువుకుంటూ పోతే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. బంగారంలాంటి బుర్రలున్న పిల్లలు రెండు నిమిషాలు కళ్లు నిలిపి చదవడానికి బద్ధకిస్తే గురువులు మందలించకుండా ఎలా ఉండగలరు? యంత్రం సహాయం తీసుకోవడం తప్పు కాదు, తీసుకున్న ప్రతి వరుసా ఎందుకుందో చెప్పలేకపోవడం తప్పు. 2020లో ప్రకటించిన తన ఆన్‌లైన్ డిగ్రీలో, జేఈఈ ప్రవేశ పరీక్ష రాయనివారికీ ప్రవేశమిచ్చిన ఐఐటీ మద్రాసు, వెబ్ అప్లికేషన్ ప్రాజెక్టు సమర్పించినవారికి మౌఖిక పరీక్ష కూడా పెట్టడం ఎంతో సమంజసం. ఎదుటివారికి నోటితో వివరించలేని కోడ్ రాసినవారిది కాదు.

చదివి తెలుసుకోవలసినవి తెలుగువారికి మరికొన్ని ఉన్నాయి. చూసేవారికి ‘లక్ష్మి’ రెండక్షరాల పేరు, పైథాన్‌ను పొడవు అడిగితే ఏడు అంటుంది. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేర్వేరు సంకేతాలు కావడమే దానికి కారణం. ఇది ఎరగని ప్రోగ్రామరు పేరు గడిని ఆరు సంకేతాలకు కుదిస్తే ‘లక్ష్మి’ కాస్తా ‘లక్ష్మ’ అవుతుంది, రసీదు మీద ఆ ఇల్లాలి పేరు తప్పుగా అచ్చవుతుంది. ఆమె ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి? అరువు తెచ్చిన కోడ్‌లో ఈ తప్పు ఉందో లేదో తెలియాలంటే, దాన్ని చదివే ఓర్పు ఉన్నవాడు కావాలి.

కనుక స్నాతకులకు విజ్ఞప్తి ఒక్కటే. ఉద్యోగంలో చేరేలోగా, పేటలోని ఒక కిరాణా కొట్టు బాకీల ఖాతాకో, ఒక చిన్న గ్రంథాలయపు పుస్తకాల పట్టీకో సరిపడే అప్లికేషన్ ఒకటి, ముందు డెస్క్‌టాప్ మీద, ఆ తరువాత వెబ్ మీద, సొంత చేత్తో పూర్తిచేసి, తెలుగు, తమిళ పేర్లను తప్పు లేకుండా నమోదు చేస్తున్నదో లేదో సరిచూసుకొని, దాన్ని రోజూ వాడే మనిషికి అప్పగించి, నెల తరువాత వెళ్లి ఏం ఇబ్బంది పడ్డారో అడిగి రావలసింది.