లెక్కా, చట్టమూ ఒకే బల్లమీద

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను చదువు ప్రాముఖ్యం గురించి మాట్లాడమన్నారు. ఆ విషయంమీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మనమంతా తల ఊపి, బిర్యానీ తిని ఇళ్లకు పోతూనే ఉన్నాము. అందుచేత వారి అనుమతితో నేను ఒకే ఒక చదువు గురించి చెబుతాను. అది బి.కాం., ఎల్.ఎల్.బి. వాణిజ్యశాస్త్రమూ, న్యాయశాస్త్రమూ కలిపి ఇంటర్మీడియట్ తర్వాత అయిదేళ్లపాటు చదివే డిగ్రీ.

హిసాబు చెప్పే మాస్టరుకు వకీలు చదువుతో ఏమి పని అని మీరడగవచ్చు. పని ఉంది. అది మా ఇంటి సంగతి.

మా అబ్బా ఆదోనిలో పత్తిగింజల వ్యాపారం చేసేవారు. ఆయనకొక భాగస్వామి ఉండేవారు, మేము చాచా అని పిలిచేవాళ్లం. ఇద్దరూ బిస్మిల్లా అనుకొని చేతులు కలిపారు, అంతే. దస్తావేజు లేదు, రిజిస్ట్రేషను లేదు. చిట్టా, ఆవర్జా మాత్రం పద్ధతిగా ఉండేవి. సగం ఉర్దూలో, సగం అంకెల్లో గుమాస్తా రాసేవాడు. 1998లో, నేను ఇంటర్ చదువుతుండగా, అబ్బా పోయారు. అమ్మ ఇద్దత్‌లో ఉంది. ఆ సమయంలో లెక్కలడగడం మర్యాద కాదన్నారు పెద్దలు. తర్వాత అడిగితే చాచా, "చూద్దాంలే బేటా, మీ సొమ్ము ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కారు, ఇప్పటికీ ఆ మాట అంటాను. కాని 2001లో ఆయనా పోయారు. కొడుకులు, "కాగితమేదీ?" అన్నారు.

2002లో నేను ఆవర్జాలు చంకన పెట్టుకొని ఒక వకీలుగారి వసారాలో కూర్చున్నాను. ఆయన పుస్తకం తిరగేసి, "ఈ రాత నాకు తెలియదు బాబూ" అన్నారు. మా గుమాస్తా చదివి వినిపించాడు. మా వాటా ఎంతో పైసలతో సహా తేలింది. అప్పుడు వకీలుగారు కళ్లద్దాలు తీసి, "మీ నాయన పోయిన నాటితోనే భాగస్వామ్యం రద్దయింది. ఆ నాటినుంచి మూడేళ్లలోగా లెక్క అడుగుతూ దావా వేయాల్సింది. నాలుగో ఏడు నడుస్తోంది గదా!" అన్నారు. లెక్క ఇంకా తేల్చవలసి ఉందని చాచా తన జీవితకాలంలో ఒక చీటీ రాసి సంతకం పెట్టి ఇచ్చి ఉంటే ఆ తేదీనుంచి మూడేళ్లు మళ్లీ మొదలయ్యేవట. చీటీ ఎవరడిగారు? అడగడమే అవమానమనుకున్నాము.

ఎంత సొమ్మని అడగకండి. మా ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లకు సరిపోయే సొమ్ము.

చాచా కొడుకులమీద నాకిప్పుడు కోపం లేదు. నన్ను తొలిచేది వేరే విషయం. లెక్క చదవగలిగిన గుమాస్తాకు గడువు సంగతి తెలియదు. గడువు తెలిసిన వకీలుకు లెక్క చదవరాదు. మొదటి ఏడాదిలోనే ఈ రెండూ తెలిసిన మనిషి మన మొహల్లాలో ఒక్కడుంటే చాలు. లేడు. ఇరవైయేళ్ల పైబడి గడిచినా, అటువంటివారు మనలో వేళ్లమీద లెక్కించేంతమందే ఉన్నారు.

మనకిది కొత్త విద్య కాదు. ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏదో పిల్లలకు తెలుసు: సూరా అల్‌బఖరాలో 282వది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులుండాలని, చిన్న మొత్తమైనా రాయడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. మా అబ్బా ఆ ఆయతును ఎన్నిసార్లు చదివి ఉంటారో! తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ బీజగణితంమీద గ్రంథం రాసినప్పుడు, అందులో పెద్ద భాగం వీలునామాల, వారసత్వపు లెక్కలకే కేటాయించాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న మనిషి పోతే, అప్పులూ వసీయతూ పోగా మిగిలినదానిని 24 భాగాలు చేసి భార్యకు 3, కొడుకుకు 14, కూతురుకు 7 ఇవ్వాలి. ఇది లెక్కా, చట్టమా? రెండూను. (ఆ 7 భాగాలు కూతురుకు నిజంగా ముట్టజెప్పినవారు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తమని నేనడగను. భోజనాలు చల్లారిపోతాయి.)

భాష మాటకొస్తే, తెలుగు కచేరీల్లో, అంగళ్లలో వాడే మాటలు చూడండి. వకీలు, వకాల్తా, దస్తావేజు, దరఖాస్తు, జామీను, జప్తు, ఫైసలా, రాజీ, నకలు, రశీదు, జమా, ఖర్చు, బకాయి, కిస్తు, వసూలు. ఇవన్నీ ఫార్సీ, అరబీ నుంచి మన ఉర్దూ ఇంటిమీదుగా వచ్చినవే. మాటలు మనవి, కుర్చీలు మాత్రం ఖాళీ.

ఇక చదువు సంగతి. బి.కాం. మూడేళ్లు చదివి, ఆ తర్వాత ఎల్.ఎల్.బి. మూడేళ్లు చదివితే ఆరేళ్లు. కలిపి చదివితే అయిదేళ్లు, పది సెమిస్టర్లు. ఒకవైపు అకౌంట్లు, కాస్టింగు, ఆడిటింగు, ఆదాయపు పన్ను, అర్థశాస్త్రం ఉంటాయి. మరొకవైపు కాంట్రాక్టు చట్టం, రాజ్యాంగం, ఆస్తి బదిలీ, సివిల్ ప్రొసీజరు, కంపెనీ చట్టం, 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత ఉంటాయి. కుటుంబ చట్టంలో మన షరియతు కూడా పాఠ్యాంశమే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం అయిదేళ్లలో కనీసం 20 వారాలు వకీళ్లవద్ద, కోర్టుల్లో, సంస్థల్లో శిక్షణ పొందాలి.

ఈ జత చదువు ఎందుకు పనికివస్తుందో మన పత్తి యార్డులో నిలబడితే తెలుస్తుంది. చెక్కు చెల్లలేదనుకోండి. బ్యాంకు కాగితం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, అప్పటికీ సొమ్ము రాకపోతే నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. మనవాళ్లేమో ఆర్నెల్లు ఆ చెక్కు జేబులో పెట్టుకొని పంచాయితీ తిరుగుతారు. భాగస్వామ్యాన్ని రిజిస్టరు చేయించకపోతే, బాకీ ఎగ్గొట్టినవాడిమీద ఫర్ము పేరున దావా వేసే దారే మూసుకుపోతుంది. 1932నాటి చట్టంలోనే ఉంది ఈ మాట. 2017 జులైనుంచి జి.ఎస్.టి. వచ్చింది. లెక్కలు రాసే మనిషి దగ్గర ఒక ఫీజు, నోటీసు వస్తే వకీలు దగ్గర మరో ఫీజు. రెండు పనులూ ఒక్కరే చేయగలిగితే చిన్న దుకాణదారుకు ఎంత తెరిపి! వక్ఫు ఆస్తుల సంగతి నేను పొడిగించను. ముతవల్లీలు ఏటేటా లెక్కలు సమర్పించాలని 1995 చట్టంలో ఉంది. ఆ లెక్కలు చదివి ప్రశ్నించగల వకీళ్లు మనలో ఎందరని మాత్రం అడుగుతున్నాను. మన సొసైటీ కోశాధికారిగారు నవ్వుతున్నారు. వారి లెక్కలు సరిగానే ఉన్నాయి, నేను చూశాను.

మా బడిలో ఉర్దూ మీడియంలో చదివిన ఒక అమ్మాయి ఈ డిగ్రీలో చేరింది. పేరు చెబితే ఆమెకు సిగ్గు. తండ్రి సైకిల్‌మీద బట్టలమ్మే మనిషి. "అయిదేళ్లా మాస్టర్‌సాబ్? అప్పటికి పెళ్లి వయసు దాటదా?" అని ఆయన నా దగ్గరకు నాలుగుసార్లు వచ్చారు. నాలుగోసారి నేను ఫాతిమా బీవీగారి సంగతి చెప్పాను. 1958లో కేరళలో మున్సిఫ్‌గా చేరి, 1989లో సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి అయిన మన ముస్లిం ఆడబిడ్డ ఆమె. ఆయన కొంచెంసేపు ఊరుకొని, ఫీజు ఎంతని అడిగారు.

మొదటి సెమిస్టరులో ఆ అమ్మాయికి రెండు పేపర్లు పోయాయి. ఇంగ్లీషు. అంతవరకు ఇంగ్లీషు ఆమెకు ఒక సబ్జెక్టు, ఇప్పుడు ఊపిరే ఇంగ్లీషయింది. ఏడుస్తూ వచ్చింది. రోజుకు ఒక్క సెక్షను ఇంగ్లీషులో నోటుబుక్కులో ఎత్తిరాసి, పక్కన ఉర్దూలో అర్థం రాయమన్నాను. నాకు లా రాదు, అయినా ఆదివారాల్లో కూర్చుని దిద్దేవాణ్ణి. తప్పులు దిద్దబోయి నేనే నేర్చుకున్నాను. మూడో సెమిస్టరుకొచ్చేసరికి కథ తిరగబడింది. ముస్లిం లా పేపరులో హిబా, షుఫా, వసీయత్, మహర్ అని వస్తుంటే తోటివాళ్లు నోరు తిరగక బట్టీపడుతున్నారు. ఈ పిల్ల వాళ్లకు అర్థాలు చెప్పసాగింది. ఆనాటినుంచి తరగతిలో ముందు బెంచీకి వచ్చిందట. ఇప్పుడు ఒక సీనియరు దగ్గర జూనియరుగా ఉంది. వ్యాపారుల ఫైలు వస్తే ఆ సీనియరు ముందు ఆమెనే పిలుస్తారు, బ్యాలెన్సుషీటు చదవగలదు గనుక.

తీపి ఒక్కటే చెబితే నేను దలాలీ చేసినట్టవుతుంది. జూనియరుగా మొదటి రెండు మూడేళ్లు రాబడి చాలా తక్కువ, బస్సు ఛార్జీలకే సరిపోయే నెలలుంటాయి. డిగ్రీ రాగానే జడ్జీ పరీక్ష రాయవచ్చనుకోవద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జూనియర్ సివిల్ జడ్జి పదవికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరు నమోదయ్యాక ఆలిండియా బార్ పరీక్ష కూడా గట్టెక్కాలి. నమోదు ఫీజు పేరుతో వేలకు వేలు అడిగితే బెదరకండి. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి అది 125 రూపాయలే.

ఇంకొక జాగ్రత్త. మా బంధువుల పిల్లవాడొకడు అందమైన కరపత్రం చూసి ఒక కళాశాలలో చేరాడు. ఆ ఏటికి దానికి బార్ కౌన్సిల్ అనుమతి లేదని తర్వాత తెలిసింది. ఏడాదీ పోయింది, కట్టిన సొమ్మూ పోయింది. ఆ కళాశాల పేరు నేను చెప్పను. మీరు మాత్రం భవనం చూసి చేరకండి, ఆ ఏటి అనుమతి కాగితం అడిగి చూడండి.

మన రాష్ట్రంలో చేరాలంటే లాసెట్ రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. జనరల్ వారికి 45 శాతం, బి.సి.లకు 42, ఎస్.సి., ఎస్.టి.లకు 40 శాతం మార్కులుండాలి. ప్రశ్నలు 120, సమయం గంటన్నర. 30 జనరల్ నాలెడ్జి, 30 వర్తమాన విషయాలు, మిగిలిన 60 న్యాయశాస్త్రం పట్ల అభిరుచిని చూసేవి. రోజూ పత్రిక చదివే పిల్లలకు ఇది కొండ కాదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకైతే క్లాట్ వేరే ఉంది, అది పూర్తిగా ఇంగ్లీషు. గాంధీనగర్‌లోని గుజరాత్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో బి.కాం.తో కలిసిన ఎల్.ఎల్.బి. ఆనర్స్ క్లాట్ ద్వారానే దొరుకుతుంది. అంత దూరం పంపే స్తోమతు, ధైర్యం ఉన్నవారు ఆలోచించండి.

2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినా, 2010నాటి మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తోంది. దానికి తహసీల్దారు కార్యాలయపు ధృవపత్రం కావాలి. కౌన్సెలింగు ముందు రోజు పరుగెత్తే అలవాటు మనది. దయచేసి పరీక్ష దరఖాస్తు చేసిన వారంలోనే దానికీ అర్జీ పెట్టండి.

ఈ సంవత్సరం మన సొసైటీ సభ్యుల ఇళ్లలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలున్నారు. ఇద్దరి తండ్రులు నాతో మాట్లాడారు. ఒకరు కొడుకును దుకాణంలో కూర్చోబెడతామంటున్నారు, మరొకరు కూతురు చదువు ఆపుతామంటున్నారు. వారిద్దరూ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పనని మాట ఇచ్చాను, చెప్పను. సొసైటీ లైబ్రరీకి లాసెట్ పుస్తకాలు, ఒక కాంట్రాక్టు చట్టం, ఒక భాగస్వామ్య చట్టం కొనిపెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వచ్చే ఆదివారంనుంచి జోహర్ నమాజు తర్వాత మా బడి ఆరో తరగతి గదిలో నేనుంటాను. ఆ అమ్మాయి కూడా నెలకు రెండు ఆదివారాలు వచ్చి పాఠం చెబుతానన్నది. పిల్లల్ని వెంటబెట్టుకొని రండి, మార్కుల జాబితా నకలొకటి తీసుకురండి. మా ఆవర్జాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మొదటి పాఠం వాటిమీదే చెబుదామనుకుంటున్నాము.

ఇక సెలవు. ఖుదా హాఫిజ్.