కాదన్నవాని మాట

మీలో రచ్చబండపై కూర్చుండి తగవులు తీర్చినవారు పలువు రుందురు. ఎదుటివాడు కాదన్నప్పుడు మనమేమి చేయుదుమో మీకు చెప్పనక్కరలేదు. అతని మాటను విడిచి అతని తాతముత్తాతలను తవ్వి తీయుదుము. నేనును అట్టివాడనే. ఒకమారు చెరువునీటి వంతులను గూర్చి నేను వేసిన లెక్క తప్పని చిన్నవాడొకడు లేచి పలుకగా, లెక్క చూడక, ‘నీ వయసెంతరా?’ అని యడిగితిని. ఆ రాత్రి దీపము ముందర చూచుకొంటిని. తప్పు నాదే. మరునాడు ఆ సంగతి ఎవ్వరితోడను చెప్పనైతిని. ఆ కారున నీరు నా తప్పులెక్క ప్రకారమే పారినది.

అందుచేతనే యిప్పుడు చెప్పబోవు వృత్తాంతము నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చును.

1934 జనవరి 15వ తేదీ మధ్యాహ్నము బీహారునందును నేపాళమునందును గొప్ప భూకంపము కలిగెను. ముంగేరు, ముజఫరుపురము పాడుపడెను. వేలకొలది జనులు మరణించిరి. అప్పుడు హరిజనయాత్రలో తమిళదేశమున నుండిన గాంధిగారు, ఇది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యని తిరునెల్వేలి సభలో పలికిరి. రవీంద్రనాథ ఠాకూరుగారు అస్పృశ్యతను ద్వేషించినవారే. 1932లో ఎరవాడ చెరసాలయందు గాంధిగారు ఉపవాసము విరమించిననాడు చెంతనుండి పాట పాడినవారే. అయినను ఊరకుండలేదు. ప్రకృతివైపరీత్యములకు ప్రకృతియందే కారణము లుండుననియు, ఇట్టిమాట ప్రజలలోని మూఢత్వమునకు బలము చేకూర్చుననియు ఖండించుచు వ్రాసిరి.

ఆ ఖండనమును గాంధిగారు ఏమి చేసిరి? తమ ‘హరిజన్’ పత్రికలోనే, ఫిబ్రవరి 16వ నాటి సంచికలో, అచ్చువేయించిరి. ప్రక్కనే తమ సమాధానమును ఉంచిరి. పరిహాసమునకు వెరచి విశ్వాసమును దాచుట పిరికితన మనిరి. తమ మాటను మరలించుకొనలేదు. ఠాకూరుగారిని గురుదేవుడనుటయు మానలేదు.

నా మట్టుకు సత్యము ఠాకూరుగారి పక్షముననే యున్నది. భూమి పొరల కదలికకు కులము తెలియదు. కూలిన గోడలక్రింద అంటరానివారనబడిన నిరుపేదలును చచ్చిరి గదా! మహాత్ముడు పొరబడెనని చెప్పుటకు నేను జంకను. కాని, తన్ను కాదన్న వ్రాతను తన పాఠకుల చేతికి తానే అందించుట యెంత కష్టమో, లెక్క తప్పిన నాకు తెలియును. ఆ చిన్నవానికి నేను రచ్చబండపై ఆపాటి చోటైన నీయలేదు.

1940 ఫిబ్రవరిలో గాంధిగారు శాంతినికేతనమునకు పోయిరి. సెలవు పుచ్చుకొనువేళ ఠాకూరుగారు వారి చేతికొక జాబు నిచ్చిరి. విశ్వభారతిని తమ రక్షణలోనికి తీసికొనుడని అందు కోరియుండిరి.